దాపల, వలపల

మా వియ్యపురాలు పోయారు. ఆసుపత్రి నుంచి అల్లుడు ఫోన్ చేసేసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. "అత్తయ్యా, అమ్మ వెళ్ళిపోయింది. నిద్రలోనే. నొప్పేం తెలియలేదు" అన్నాడు. పొయ్యి ఆపి కుర్చీలో కూర్చున్నాను. ముందుగా వచ్చింది ఏడుపు కాదు, గుండెల నిండా ఒక ఊపిరి. చలికాలమంతా ఆవిడ పడ్డ బాధ కళ్ళారా చూసినదాన్ని. ఇక ఆ బాధ లేదు.

ఆవిడది కృష్ణా డెల్టాలో ఒక రైతు కుటుంబం. క్రైస్తవులు. అమెరికా వచ్చి సియాటిల్‌లో నర్సుగా పనిచేశారు. మా అమ్మాయి వాళ్ళబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. మొదట్లో మేమిద్దరం "వదినగారూ, వదినగారూ" అనుకుంటూ, ఆ "గారు"ను మధ్యలో గోడలా పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. నేను మన దేశంలో బడిలో తెలుగు చెప్పి, తరువాత అమ్మాయి దగ్గరకు వచ్చేసినదాన్ని. చెప్పిన వేళకు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాను. ఆవిడ ఎప్పుడూ ఆలస్యమే. అడిగేలోపే నవ్వేసేవారు.

భర్త పోయినప్పుడు ఆవిడకు మిగిలిన వాటిలో ఒక పాత తెరచాప పడవ ఉంది. అమ్మేయమని అందరమూ చెప్పాం. "చూద్దాం లెండి" అని, డ్యూటీ లేని రోజుల్లో దాన్ని నడపడం నేర్చుకున్నారు. తాడు విప్పే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు, ఒక చెయ్యి మాత్రం తాడు మీదే ఉండేది. "ప్రార్థన చేసుకోండి, ముడి మాత్రం రెండుసార్లు చూసుకోండి" అనేవారు.

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఒక వేసవి. అమెరికా ఒడ్డున ఉన్న పోర్ట్ ఏంజెలిస్ నుంచి జలసంధి దాటి కెనడాలోని విక్టోరియా రేవుకు వెళ్ళాలని ఆవిడ సెలవు పెట్టుకున్నారు. తోడు రావలసిన స్నేహితురాలికి జ్వరం వచ్చింది. నాకు ఫోన్ చేశారు.

"చుక్కాని పట్టుకుంటే చాలు వదినగారూ. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి కావాలి. మీకంటే ఎవరున్నారు?"

"నాకు చీర తప్ప ఇంకేం అలవాటు లేదండీ."

"చీరే కట్టుకోండి. గాలొస్తే రెండో తెరచాప అవుద్ది!"

మా అమ్మాయి ప్యాంటు వేసుకుని వెళ్ళాను.

పరాయి దేశపు రేవు చేరే పడవ తన కుడి పక్కన పసుపు జెండా ఎగరేయాలట. పడవలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, లోపలికి రానివ్వండి అని దాని అర్థమట. ఆవిడ జెండా చిరిగిపోయింది. నా పాత నేత చీర చెంగు కత్తిరించి, పసుపు నీళ్ళలో ముంచి ఆరేసి పట్టుకెళ్ళాను.

తీరం వదలకముందే తప్పు జరిగింది. ఆవిడ పడవ ముందు భాగంలో, నా వైపు తిరిగి నిలబడి "కుడికి, కుడికి!" అన్నారు. నా కుడివైపా, ఆవిడ కుడివైపా? పైగా చుక్కాని కర్ర ఎటు తోస్తే పడవ దానికి ఎదురు వైపుకి తిరుగుతుంది. మేం వెళ్ళి పక్క పడవను గుద్దబోయాం. ఆవిడ కాలు అడ్డం పెట్టి ఆపి, వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మీ నాన్నగారికి ఎడ్లు ఉండేవా?"

"ఉండేవి."

"దాపటి ఎద్దు మీకేసి తిరిగితే వలపటి ఎద్దు అయిపోద్దా?"

"ఎందుకవుతుంది? దాపటిది దాపటిదే."

"అదీ! ఇక కుడి ఎడమలు లేవు. పడవకి ఇది దాపల, అది వలపల. నేనెటు తిరిగి అరిచినా అంతే. నేను చెప్పిన దానికి ఎదురు వైపుకి కర్ర తొయ్యండి."

దాపల అంటే ఎడమ, వలపల అంటే కుడి అని ఎన్నో ఏళ్ళు పిల్లల చేత అర్థాలు రాయించాను. ఆ మాటలతో ఒక పడవ తిరుగుతుందని అనుకోలేదు.

సగం దూరం హాయిగా సాగింది. పెద్ద ఓడలు తిరిగే దారిలోకి వచ్చేసరికి గాలి పడిపోయింది, పొగమంచు కమ్మింది. తెరచాప దించి ఇంజను మీద మెల్లగా పోతున్నాం. ఎడమ నుంచి ఓడ కూత వినబడింది. రెండోసారి ఇంకా దగ్గరగా. అంత ఓడ మమ్మల్ని చూడదు, చూసినా వెంటనే ఆగడం దాని వల్ల కాదు. ఆవిడ ముందుకు పాకి, చెవి ఒగ్గి విన్నారు.

"వలపలికి వదినా! వలపలికి!"

వలపలికి తిరగాలంటే కర్రను దాపలికి, ఆ కూత వస్తున్న వైపుకే తోయాలి. చెయ్యి రానంది. కళ్ళు మూసుకుని దాపటి ఎద్దును తలుచుకుని తోశాను. పడవ పక్కకు తిరిగింది. మంచులోంచి మేడంత నల్లటి గోడ ఒకటి మా దాపల నుంచే జారుతూ పోయింది. దాని అలలకు ఊగిపోయి, తడిసి ముద్దయ్యాం. ఆవిడ నా దగ్గరకొచ్చి నవ్వడం మొదలుపెట్టారు, నాకూ ఆగలేదు.

"గారు ఏమైంది వదినగారూ?" అన్నాను.

"నీళ్ళల్లో పడిపోయింది. వెతకమంటారా?"

వద్దన్నాను.

విక్టోరియా రేవులో ఎండ కాస్తోంది. కస్టమ్స్ అధికారి జెండా దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చాడు. "టర్మరిక్, సర్. ఫ్రమ్ హర్ కిచెన్" అన్నారావిడ. అతను నవ్వి రమ్మన్నాడు. గట్టు మీద కాలు పెట్టి, ఇంకా పడవలో ఉన్నట్టే ఒక పక్కకు ఒరిగాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు.

చివరి రోజుల్లో మంచం మీద ఒక పక్కకే పడుకుని నొప్పి పుట్టినప్పుడు "దాపలికి తిప్పు వదినా" అనేవారు. అక్కడి నర్సులకు అర్థమయ్యేది కాదు. ఆ మాట అర్థమయ్యే మనిషిగా ఆవిడ పక్కన ఉండగలిగాను. తిప్పాక ఆవిడ ముఖం తేటపడేది.

చర్చిలో ప్రార్థన అయ్యాక అల్లుడు నన్నూ అమ్మాయినీ పడవ దగ్గరకు తీసుకెళ్ళాడు. అరలోంచి ఆ చీర చెంగు తీశాడు. రంగు వెలిసి లేత గంధం రంగుకు వచ్చింది. "ఏ పక్క కట్టాలి అత్తయ్యా?" అన్నాడు.

"వలపల" అన్నాను.

ముడి రెండుసార్లు చూసుకుని పైకి లాగాడు. గాలి లేదు. కాసేపు గుడ్డ తాడుకు అంటుకుని వేలాడింది. తరువాత నీళ్ళ మీదుగా చిన్న గాలి వచ్చింది, జెండా విప్పుకుంది.