మునిరత్నం నమ్మిన మాట

చాలా ఏళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. నా భార్యకు తెలియదు, పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో చిత్తూరు జిల్లాలో ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా ఉండేవాణ్ణి. ఒకే లైను మీద మావి నాలుగు సబ్‌స్టేషన్లు. ఎండాకాలం బావుల మోటార్లు, మరమగ్గాలు ఒక్కసారిగా కరెంటు లాగితే ఫ్రీక్వెన్సీ మీటరులో ముల్లు యాభై నుంచి కిందికి జారేది; మరీ జారితే లైను మొత్తం పడిపోతుంది. పైనుంచి ఫోను వచ్చేది. నలుగురమూ తలా కొంత సరఫరా ఆపితేనే ముల్లు మళ్లీ నిలబడేది. ఎవరు ఆపారో ఇంకొకరికి కనబడదు. స్విచ్చు తీసి సరఫరా ఆపానని చెప్పడానికి ఫోనులో "తీసినాను" అన్న మాటే ఆధారం.

నగరి పక్క మగ్గాల ఊళ్లకు సరఫరా ఇచ్చే చోట మునిరత్నం ఉండేవాడు. నాకంటే చిన్నవాడు. ఒక రోజు కరెంటు కోత వేళ బస్సులో అటు వెళ్తుంటే మగ్గాలు ఆడుతున్న చప్పుడు వినబడింది. ఆ రోజు డ్యూటీ అతనిదే. అంతే, అతని మాట మీద నమ్మకం పోయింది. మగ్గాలవాళ్లు చేయి తడుపుతున్నారనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, మిగతా ఇద్దరి చెవిలోనూ వేశాను. అతను తీయకుండా తీశానంటుంటే, రైతుల చేత తిట్లు తినడానికి నేనొక్కణ్ణే దొరికానా?

ఒక మధ్యాహ్నం ముల్లు జారింది. ఫోనులో "తీసినాను" అన్నాను. తీయలేదు. ముల్లు ఇంకా దిగుతుంటే కళ్లప్పగించి చూస్తూ, ముందు వాడు తీయనీ, అప్పుడు చూద్దాం అనుకుంటూ స్విచ్చు దగ్గరే నిలబడిపోయాను. లైను మొత్తం పడిపోయింది. తిరుపతి దాకా కరెంటు పోయింది. ఆ గందరగోళంలో, ముందే తీసినట్టు కనబడేలా నా స్విచ్చు తీసిపెట్టాను.

విచారణ పెట్టారు. అందరి చూపూ మునిరత్నం మీదే. అలా చూడడం నేర్పింది నేనే కదా. విచారణకు ముందు రోజు అతను మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, నువ్వు తీసినావా ఆ పొద్దు?"

"తీసినానప్పా. ఫోను పెట్టేసినాక తీసినాను."

"అట్లయితే నా తావే ఏదో తప్పుండాది. నేనూ తీసినాను గానీ, స్విచ్చు సరిగా పడిందో లేదో సూసుకోలేదు. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు."

మర్నాడు అదే మాట విచారణలో చెప్పాడు. పొరపాటు తనదే అయి ఉండొచ్చన్నాడు. సస్పెండు చేశారు. తర్వాత ఎక్కడో దూరం వేశారు. మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత ఒక పెళ్లికని ఆ మగ్గాల ఊరు వెళ్లాను. మగ్గాల షెడ్డు వెనక డీజిలు ఇంజను ఆడుతోంది. మునిరత్నం కోత వేళ ఒక్క నిమిషం కూడా సరఫరా వదిలేవాడు కాదని, అందుకే అతనున్నప్పుడే ఈ ఇంజను కొనుక్కున్నామని షెడ్డు యజమాని చెప్పాడు. భోజనం చేయకుండా వచ్చేశాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? లేక అతను నమ్మిన మనిషిని నేను కానని తెలిసిపోతుందనా? ఈ రెండోదే నిజమేమోనని నా అనుమానం. అలా అనుకోవడమూ నన్ను నేను మంచివాడిగా చూపించుకోవడానికే కావచ్చు.

ఆ మధ్యాహ్నం సరఫరా ఆపనిది నేను. అబద్ధమాడిందీ నేనే.