తల మీద పిడికెడు చోటు

మా నిట్రాడికి ఒకటే జబ్బు. ఎక్కడికెళ్ళినా, కూర్చునే ముందు కుడి చెయ్యి పిడికిలి బిగించి నెత్తి మీద పెట్టుకుంటాడు. పైకప్పుకీ నెత్తికీ మధ్య ఆ పిడికిలి పడితే "బాగుంది" అంటాడు. పడకపోతే "బాగాలేదు" అని వచ్చిన దారినే పోతాడు. బస్సయినా అంతే, పళ్ళ డాక్టరు గదయినా అంతే. ఒకసారి బీరువా కొనడానికి వెళ్ళి, తలుపు తీసి లోపలికి దూరి పిడికిలి పెట్టి చూశాడు.

"బట్టలు పెట్టుకునేదానికి నీ తలతో పనేంటయ్యా?" అన్నాడు దుకాణదారు.

"అలవాటండీ" అన్నాడు మావాడు లోపలి నుంచి.

మనిషి ఆరడుగుల ఆరంగుళాలు. గుడిసె మధ్యలో పాతే నిట్రాడన్న పేరు నేను పెట్టిందే. నేను ఐదడుగులకి ఓ అంగుళం తక్కువ. ఇద్దరం పక్కపక్కన నడుస్తుంటే ఎదురొచ్చే వాళ్ళు నవ్వు ఆపుకోలేక చెప్పులు సర్దుకుంటున్నట్టు వంగేవాళ్ళు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు పైన మోటారుండే గదులన్నీ పిల్లి దూరడానికి కట్టినట్టుంటాయట. ముప్ఫై ఏళ్ళలో నెత్తి మీద పదకొండు మచ్చలు. ఏ మచ్చ ఏ భవనంలోదో వరసగా చెప్పేవాడు. వద్దన్నా చెప్పేవాడు.

నేను కార్ల సీట్లు కుడతాను. నాలుగేళ్ళ క్రితం ఓ శనివారం పొద్దున నా షాపు ముందు ఓ చిన్న స్పోర్ట్స్ కారు ఆగింది. పాతది, రెండు సీట్లది, నా నడుం ఎత్తు కూడా లేదు. తలుపు తెరుచుకుంది. ఓ కాలు వచ్చింది. చాలాసేపు వచ్చింది. తర్వాత రెండో కాలు, ఆ తర్వాత చేతులు, ఆఖర్న తల. మడతమంచం విప్పినట్టు మనిషి మొత్తం విప్పుకుని నిలబడ్డాడు. నేను తలెత్తి చూసేసరికి మెడ పట్టేసింది.

"బావా, దీన్లో నా తల సరిపోవాలి" అన్నాడు. అదే మొదటిసారి చూడటం. మొదటి మాటే బావా!

"సరిపోయే కదా వచ్చావ్?"

"మెడ వంచుకుని వచ్చాను. హెల్మెట్ పెట్టుకుని సరిపోవాలి. ట్రాక్ మీద తిప్పాలి."

ఊరి చివర రేసు ట్రాకుంది. ఏడాదికి ఒక్క ఆదివారం మాలాంటి మామూలు వాళ్ళు సొంత కారు తెచ్చుకుని ఇరవై నిమిషాలు తిప్పుకోవచ్చు. హెల్మెట్ తప్పనిసరి. ఆ హెల్మెట్టుకీ కారు పైకప్పుకీ మధ్య ఓ పిడికెడు చోటుండాలి, కారు బోల్తా పడితే తల నలగకుండా. అది వాళ్ళ రూలు. మావాడికి ఈ పిడికిలి జబ్బు అంటుకున్నది ఆ రూలు పుస్తకం చదివిన రోజేనట.

నేను సీటు చూశాను. రోగం చిటికెలో తెలిసింది.

"సీటు కింద రెండు పట్టాలున్నాయి చూశావా? సీటు ముందుకీ వెనక్కీ జరిగేది వాటి మీదే. వాటిని పీకేసి సీటుని నేలకి బిగించేస్తే రెండంగుళాలు దిగిపోతుంది. పది నిమిషాల పని. పక్క సీటు చూడు, దానికసలు పట్టాలే లేవు."

"పట్టాలు ముట్టుకోవద్దు."

"అదేంటి?"

"ముట్టుకోవద్దన్నానా. ఇంకేదన్నా చెయ్యి."

పొడుగు మనిషికి బుద్ధి మోకాల్లో ఉంటుందంటారు. ఈయన మోకాళ్ళు మరీ దూరంగా ఉన్నాయి, కబురు పైకి చేరటానికి టైం పడుతుందేమోలే అనుకుని ఊరుకున్నాను. నాలుగేళ్ళు ఆ పట్టాలు ముట్టుకోలేదు.

మొదటి ఏడాది సీట్లో దూది, స్పంజీ అన్నీ పీకేశాను. ఆదివారం నాడు ఇద్దరం వెళ్ళాం. గేటు దగ్గర కార్లు తనిఖీ చేసే ఆవిడ ఉంటుంది. అందరూ కొలతలమ్మ అంటారు. మావాడు హెల్మెట్ పెట్టుకుని, దర్జాగా తన పిడికిలి పైన పెట్టి చూపించాడు.

"నీ పిడికిలి కాదు నాయనా, నా పిడికిలి" అందావిడ.

ఆవిడ పిడికిలి చూస్తే నాకే గుండె జారిపోయింది. మా ఇద్దరివీ కలిపినా అంతుండదు. రెండు వేళ్ళు తక్కువొచ్చింది. మావాడు రాసిచ్చిన దరఖాస్తు కాగితం చింపేసి "వచ్చే ఏడు రండి" అంది.

రెండో ఏడాది గుండు కొట్టించుకున్నాడు. ప్యాంటు వెనక జేబు గుండీ కూడా తెంపేశాడు, దాని మందం మాత్రం మందం కాదా అని. అయినా కొలతలమ్మ పిడికిలి దూరలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి, "ఓ అంగుళం పొట్టి అవ్వటానికి మందేమైనా ఉందాండీ?" అని అడిగాడు.

"పొడుగవ్వటానికి అడిగేవాళ్ళనే చూశాను" అన్నాడా డాక్టరు. పాపం మంచాయన, ఆలోచించి చెప్పాడు. "మనిషి పొద్దున లేచినప్పటికన్నా సాయంత్రానికి కాస్త పొట్టి అవుతాడు. నడుం పూసలు అణుగుతాయి."

ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికింది. మూడో ఏడాది సాయంత్రం ఆఖరి విడత రాయించుకున్నాడు. ఆ రోజు పొద్దుట్నుంచీ నా షాపులో ఉన్న రెక్సిన్ చుట్ట, మేలు రకం, బరువైంది, నెత్తిన పెట్టుకుని వీధిలో అటూ ఇటూ తిరిగాడు. జనం ఆ చుట్ట అమ్మకానికనుకుని రేటు అడిగారు. సాయంత్రానికి పావంగుళం తగ్గాడు. ఒట్టు, నేనే కొలిచాను. మెడ మాత్రం ఎటూ తిరగట్లేదు. కొలతలమ్మ పిడికిలి పెట్టింది. ఒక్క వేలు తక్కువ.

"పట్టాలు పీకి పారెయ్యవయ్యా బాబూ!" అని గేటు దగ్గరే అరిచాను.

"వద్దు బావా." తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఇక్కడో నిజం చెప్పాలి. నేనూ తక్కువ తినలేదు. ఒక్క పూటలో అయ్యే పనిని మూడేసి శనివారాలు సాగదీసేవాణ్ణి. అతను రావటానికి ఏడాది ముందు మా ఆవిడ పోయింది. మిగతా రోజులు కుట్టుమిషను చప్పుడుతో గడిచిపోయేవి. శనివారం మాత్రం తను పన్నెండింటికల్లా షాపు మూయించి ఇంటికి లాక్కెళ్ళేది. తను పోయాక పన్నెండవగానే నా చెయ్యి దానంతటదే మిషను మీంచి లేచేది. లేచి ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ఇంటికెళ్తే ఎవరున్నారు? అలాంటి వేళకి ఈ నిట్రాడు వచ్చి, గుమ్మంలో పిడికిలి పెట్టుకుని, "బాగాలేదు" అంటూ వంగి లోపలికొచ్చేవాడు. నా షాపు ఒక్కదాన్లోకే "బాగాలేదు" అని కూడా వచ్చేవాడు. అది నాకు చాలా రోజులకి గానీ తట్టలేదు.

అతనికీ ఎవరూ లేరు. పెళ్ళి సంబంధాలు వచ్చిన వయసులో, వచ్చిన వాళ్ళందరి ఇళ్ళలోనూ గుమ్మాలకి తల కొట్టుకున్నాడట, వాళ్ళు అది అపశకునం అన్నారట. నవ్వుతూనే చెప్పాడు. ఒకసారి అతనికి జ్వరమొస్తే చూడటానికి గదికి వెళ్ళాను. నేల మీద పరుపు. కాళ్ళు చాలక దానికి కలిపి ఇంకో చిన్న పరుపు. కప్పుకి ఫ్యాన్ లేదు, కారణం చెప్పక్కర్లేదు. అలమరలో రెండు గ్లాసులున్నాయి. ఒకటి వాడి వాడి మసకబారింది, రెండోదానికి అంటించిన చీటీ కూడా పోలేదు. ఆ రోజు చీటీ గోకి ఆ గ్లాసులో టీ నాకిచ్చాడు. టీ బాగా చేస్తాడు, అది వేరే సంగతి.

ఈ ఏడాది ట్రాకు వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. స్థలం అమ్మేశారట, గోదాములు కడతారట. ఇదే ఆఖరి ఆదివారం. ఉత్తరం చదివి మావాడు నెత్తి మీద పిడికిలి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడైనా పట్టాలు తీయనిస్తావా?" అన్నాను.

"వద్దు బావా. ఇంకేదన్నా చూడు."

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. సీటు గుడ్డ కూడా తీసేసి, ఉత్త రేకు మీద పలచటి తోలు పరిచాను. అంతకన్నా పలచన చెయ్యాలంటే మనిషి తోలే తియ్యాలి.

ఆఖరి ఆదివారం, ఆఖరి విడత. కొలతలమ్మ వంగి, మావాడి హెల్మెట్టు మీద పిడికిలి పెట్టింది. పిడికిలి సగం వరకూ వెళ్ళి ఆగిపోయింది. ఆవిడే ఇంకోసారి ప్రయత్నించింది. వేళ్ళు గట్టిగా ముడిచి చూసింది. గోరంత. అచ్చంగా గోరంత తక్కువ.

"తప్పు నాది కాదు నాయనా, రూలు" అంది. ఆవిడ మొహం కూడా చిన్నబోయింది. కాగితం చింపబోయి, ఆగి చదివింది. "మొదటి డ్రైవరు కుదరదు సరే. ఇక్కడ రెండో డ్రైవరని ఉంది. ఆయన్ని కూర్చోబెట్టండి. ఈ కారు ఇవాళైనా తిరగాలి."

"రెండో డ్రైవరెవరు?" అన్నాను.

ఆవిడ కాగితం నాకు చూపించింది. నా పేరు! "ప్రతి ఏడూ రాస్తున్నాడు కదయ్యా, మీకు తెలీదా?"

నిట్రాడు కారులోంచి విప్పుకుని బయటికొచ్చి, నా వైపు చూడకుండా వెనక డిక్కీ తెరిచాడు. అందులో అట్టపెట్టె. పెట్టెలో చిన్న హెల్మెట్టు. పెట్టుకున్నాను. అచ్చు నా తలకి తీసినట్టుంది.

"నా తల కొలత నీకెలా తెలుసు?"

"ఓ శనివారం కుర్చీలో నిద్రపోయావుగా. టేపు పక్కనే ఉంది."

"అసలు నేనెందుకు తోలాలి? డెలివరీ వ్యాను తప్ప ఇంకోటి తోలిన పాపాన పోలేదు!"

"మొదటి శనివారమే అన్నావు బావా. ముప్ఫై ఏళ్ళుగా రేసు కార్లకి సీట్లు కుడుతున్నా, పరిగెత్తే సీట్లో ఒక్కసారీ కూర్చోలేదని."

"ఏదో మాటవరసకి అనుంటాను."

"నేను మాటవరసకి వినలేదు." తర్వాత నేల చూపులు చూస్తూ అన్నాడు. "పట్టాలు తీసేస్తే సీటు వెనకే బిగుసుకుపోతుంది. నీ కాళ్ళు బ్రేకు దాకా అందవు. అందుకే వద్దన్నాను."

నోరు తెరిస్తే ఏడుస్తానని తెలిసి, తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను. తిడుతూనే కారెక్కి సీటుని పట్టాల మీద చివరిదాకా ముందుకి లాక్కున్నాను. కాళ్ళు అందాయి. కొలతలమ్మ నా నెత్తి మీద చూసి, "ఈయన మీద ఇంకో మనిషిని కూర్చోబెట్టచ్చు" అంది.

నిట్రాడు పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీటుకి పట్టాలు లేవుగా, పిడికిలి హాయిగా పట్టింది. రెండు చుట్లు తోలాను. మొదటి మలుపులో నేనూ అరిచాను, అతనూ అరిచాడు. ఎవరం ముందు అరిచామో ఇప్పటికీ తగువే. నా కాళ్ళ కింద ఇంత ఉరుకు ఉంటుందని ఈ వయసులో తెలిసింది. మా ఆవిడకి చెప్పాలనిపించింది.

దిగగానే పానా తీసుకుని పట్టాల మీద పడ్డాను. "ఇక నోరు మూసుకో. నా తోలుడు అయింది, ఇప్పుడు పీకేస్తున్నాను." మరలు విప్పుతుంటే బుర్రలో వెలిగింది. "ఒరేయ్ నిట్రాడా! ఈ ముక్క మొదటి ఏడాదే చెప్పి చస్తే, ముందు నేను తోలి, ఆ తర్వాత ఇలాగే పీకేసేవాళ్ళం కదరా!"

"తట్టలేదు బావా" అన్నాడు. విప్పిన మరలు ఏరుతూ, "తట్టినా చెప్పేవాణ్ణి కాదులే. తర్వాత శనివారాలు ఏం చేసుకునేవాళ్ళం?"

నేను తల ఎత్తకుండా సీటుని నేలకి ఆనించి ఆఖరి మర బిగించాను.

కొలతలమ్మ పిడికిలి లోపలికి వెళ్ళి ఇటూ అటూ తిరిగింది. "పో నాయనా! రెండు చుట్లకే టైముంది" అని చెయ్యి ఊపింది. నాలుగేళ్ళకి నిట్రాడు మెడ నిటారుగా పెట్టుకుని ట్రాకు మీదకెళ్ళాడు. నేను కంచె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఒక చుట్టు తిరిగాడు. రెండోదానికి పోకుండా తిన్నగా గేటు దగ్గరికొచ్చి ఆపాడు.

"ఏమైందిరా? ఇంకో చుట్టుంది!"

"పెద్ద మలుపులో కారు భలే తిరిగింది బావా. చూశావా అందామని పక్కకి తిరిగాను. ఉత్త సీటుంది." తలుపు తెరిచాడు. "ఎక్కు."

"నాకింకా కడుపులో తిప్పుతోందయ్యా!"

"అయితే నెమ్మదిగా తోలతాను."

రేసు ట్రాకు మీద నెమ్మదిగా తోలతాడట! ఎక్కాను. ఆ ట్రాకు పుట్టాక అంత నెమ్మదిగా తిరిగిన కారు లేదని తర్వాత కొలతలమ్మే చెప్పింది. ప్రతి మలుపులోనూ మావాడు "చూశావా?" అన్నాడు. ప్రతి మలుపులోనూ నేను "చూశాను, చూశాను" అన్నాను. నిజానికి వాంతి అవుతుందన్న భయంతో మొదటి నుంచి చివరిదాకా కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాను.