పొయ్యి మీద ఆరిన రాకెట్ బోర్డు

నా రాకెట్ మట్టిగుట్ట మీద నుంచి బాగానే లేచింది. దిగడమే దానికి చేతకాలేదు. పారాచూట్ తెరుచుకుంది గానీ గాలి ఈడ్చుకెళ్లి బొగ్గు తవ్వి వదిలేసిన పాత ఓపెన్‌కాస్ట్ గుంతలో నిలిచిన వాననీళ్లలో పడేసింది. ఒడ్డు దగ్గరే కాబట్టి వెదురుబొంగుతో లాక్కున్నాను. లోపలున్న అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు నీళ్లు కారుతూ చేతికొచ్చింది.

రాకెట్ ఎంత ఎత్తు ఎక్కిందో, ఎక్కడ తడబడిందో, అంతా ఆ బోర్డు మీది చిప్పులోనే ఉంది. హైదరాబాద్‌లో రాకెట్లు చేసే చిన్న కంపెనీ ఒకటి, సోమవారం ఆ వివరాలు తెచ్చి చూపిస్తే ఉద్యోగం ఇస్తామంది. ఈలోపు ఇంకో రాకెట్ కట్టడం అయ్యే పని కాదు. చిప్పు బతికితే గోదావరిఖని దాటుతాను, లేకపోతే లేదు, అంతే సంగతి.

నేను దాటడం బాపుకు ఇష్టం లేదు. ఆయన గనిలో ల్యాంప్ రూం మనిషి. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, తిరిగొచ్చినవాటిని తుడిచి ఛార్జింగ్ పెట్టడం, పాడైనవి బాగుచేయడం ఆయన డ్యూటీ. మోకాళ్లు పోయాయని మెడికల్ బోర్డుకు పెట్టుకున్నాడు. వాళ్లు అన్‌ఫిట్ అంటే ఇంట్లో పిల్లలకు ఉద్యోగం ఇస్తారు. ఉన్న పిల్లను నేనొక్కదాన్నే.

"తారాజువ్వలు కాల్చేటందుకు గింత సదువెందుకు బిడ్డా?" అని చుట్టాల ముందే నవ్వేవాడు. "బంగారమసొంటి కొలువు కాళ్ల కాడికి వస్తాంది. తన్నుకుంటవా?"

ఇంటికి రాగానే నేను బోర్డు పని పట్టుకున్నాను. ముందు బ్యాటరీ పీకేశాను. బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మొబైల్ షాపుల్లో వాడే స్పిరిట్‌లో ముంచి, చిప్పు కాళ్ల సందుల్లో పట్టిన పచ్చటి చిలుమును పాత టూత్‌బ్రష్‌తో తీశాను. ఫ్యాను గాలికి ఆరబెట్టి, ముట్టొద్దని బాపుకు మరీ మరీ చెప్పి, వైరు కొనడానికి బజారుకెళ్లాను.

తిరిగొచ్చేసరికి అది వాకిట్లో బొగ్గుల పొయ్యి మీద ఉంది. మా క్వార్టర్లలో స్నానాల నీళ్లు ఇప్పటికీ ఆ పొయ్యిల మీదే కాగుతాయి. తడిసిన డ్యూటీ బట్టలు, బూట్లు వాటి చుట్టూనే ఆరుతాయి. పొయ్యి మీది ఇనుప రేకుపై బోర్డు నల్లబడింది. చిప్పు ఉబ్బి నడిమికి పగిలింది. లోపల తడి ఉండగా ఒక్కసారిగా సెగ తగిలితే అంతే.

"జల్ది ఆరుతదని పెట్టిన బిడ్డా," అన్నాడు బాపు. "గివన్ని నాకేమెరుక?"

ఇంకెవరైనా అంటే నమ్మేదాన్ని. కాలనీలో ఏది తడిసినా పొయ్యి దగ్గరికే చేరుతుంది. కానీ తడిసిన ల్యాంపును సెగకు పెట్టాడని ఒకతన్ని షిఫ్టంతా చూస్తుండగా అమ్మనా బూతులు తిట్టిన మనిషి ఈయన. ఆ తిట్లన్నీ ఇంటికొచ్చి అప్పజెప్పి, గాలికే ఆరాలె, సెగ చూపిస్తే సచ్చిపోతదని నాకు నేర్పిందీ ఈయనే. తెలిసే పెట్టాడు. కన్నతండ్రే నా నోట్లో మట్టికొట్టాడు.

"నీకు తెల్వదా బాపు?" అన్నాను.

ఆయన రేకును పట్టుకారుతో పక్కకు లాగాడు. నా మొహం చూడలేదు.

"తెలుసు. కూడు బొగ్గుల్లకెల్లి వస్తది బిడ్డా, మొగులు మీదికెల్లి కాదు."

సోమవారం నేను హైదరాబాద్ పోలేదు. ఆ తర్వాతి వారం ఆయన్ను మెడికల్ బోర్డుకు తీసుకెళ్లాను. గేటు దగ్గర నుంచే కుంటడం మొదలుపెట్టాడు. డాక్టర్లు మోకాళ్లు వంచి చూశారు, నడిపించి చూశారు, ఫిట్ అని రాసి పంపేశారు. ఉద్యోగం నాకు రాదు, ఆయన్ను వదలదు.

బస్సులో నా పక్కన కూర్చుని బాపు ఏడ్చాడు. నా చెయ్యి పట్టుకోబోతే లాక్కున్నాను.

"ఏడుస్తవేంది బాపు? మోకాళ్లు మంచిగనే ఉన్నయన్నరు గద. రేపు ఫస్టు షిఫ్టు, పోయి లైట్లు తుడుసుకో," అన్నాను.