విత్తనాల గుంట

చేపల శాఖలో ఫీల్డుమ్యాన్‌గా పనిచేసిన నాకు చేపల గురించి తెలిసింది ఒక్కటే: ముల్లు నాలాంటివాడి గొంతులోనే ఇరుక్కుంటుంది. ఆ తెలివితోనే ఒక చెరువును పాడుచేశాను.

కేసముద్రం అవతల చెరువది. ఎండాకాలం నీళ్లు ఇంకిపోయినా, నడుమ మిగిలే గుంటలో అక్కడివాళ్లు వల వెయ్యరు. దాన్ని విత్తనాల గుంట అంటారు. వానలు పడితే చెరువంతటికీ చేప అక్కడినుంచే పాకాలి. మా ఆఫీసరు మాత్రం, "అందులో ఉన్నదంతా చిల్లర చేపలయ్యా. తుడిచేయించు. బొచ్చె, రవ్వ పిల్లల్ని పోద్దాం" అన్నాడు. కొర్రమీను పులుసంటే ప్రాణమిచ్చే మనిషి, అదీ ఆ చిల్లరలోనే ఉందని ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. జీతం మాత్రం ఇద్దరం తీసుకున్నాం.

కలగలుపు చేపలు గంపకెత్తుకుని తండాలు తిరిగే అవ్వ ఒకామె అడ్డం వచ్చింది.

"వలకు ఒక్కటి పడే పాపెర, ఇసుకదొందు లాంటి చేపలు పోతే ఏం పోతదవ్వా?" అన్నాను.

"కూరల ఉప్పెంత ఉంటది బిడ్డా? చిటికెడే గద. అది తీసేసి తిను మరి."

నవ్వి, గుంట తుడిపించాను.

రెండు వానాకాలాలు గడిచాయి. ముందు ఆ అరుదైనవి కనబడలేదు. తరవాత పరకల్లాంటి చిన్న చేపలు పలచబడ్డాయి. వాటిని తిని బతికే కొర్రమట్టలూ, అదే ఆఫీసరు ప్రాణమిచ్చే కొర్రమీనులూ, పోయాయి. ఎవరిని పట్టుకుని ఎవరు బతుకుతున్నారో రాసుకోవడానికి నా రిజిస్టరులో కాలమ్ లేదు. బొచ్చెలు బలిసి లారీలెక్కాయి. అవ్వ గంప బోర్లించి, ఆ వయసులో పత్తి ఏరడానికి పోయింది. "గంప అటక మీదున్నది బిడ్డా" అంది, ఒక్క తిట్టు కూడా తిట్టకుండా. తిడితే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ మరుసటి ఎండలకు ముందు, పై చెరువు గుంట కూడా తుడవమని కాయితం వచ్చింది. అప్పుడే తెలంగాణ కోసం సహాయ నిరాకరణ మొదలైంది. ఉద్యమంలో నా ఘనకార్యం ఇంతే: ఆ కాయితాన్ని టిఫిన్ డబ్బా కింద పరిచాను. పులుసు మరకల్లో అక్షరాలు మునిగిపోయాయి.

వానలు పడ్డాక సకల జనుల సమ్మె. చెరువుకట్ట దగ్గర రోడ్డుమీద వంటావార్పు పెట్టాం. ఆఫీసరు జీపు అక్కడే ఆగిపోయింది. గుంట తుడవకుండా మిగిలిన పై చెరువు చేపలు గంపనిండా తెచ్చి, అవ్వ పొయ్యిమీద పులుసు కాస్తోంది.

ఆయన వాసన పట్టాడు. "కొర్రమీనేనా?"

"అది చిల్లర చేప సార్. మీకెట్ల పెడ్తం?" అని, పక్క పొయ్యిమీది గిన్నెలోంచి విస్తరి నిండా బొచ్చె ముక్కలు వేశాను.

ఆయన ముళ్లు ఏరుకుంటుంటే, ఎదురుగా కూర్చుని కొర్రమట్ట తల తిన్నాను.