మెడ మీద వాపు, గోడకవతల పాప

ఆ రోజు పొద్దున పాపకు పాలిస్తూ ఉమ్మి మింగలేకపోయాను. పాపకప్పుడు నాలుగో నెల. అంతకుముందు గొంతునొప్పికి వేడినీళ్లు పుక్కిలించి ఊరుకున్నాను. సాయంత్రానికి జ్వరం, దవడ కింద వాపు. నోరు సగం కూడా తెరుచుకోలేదు.

దేశమంతా ప్లేగు భయం పాకిన రోజులవి. మా ఆయన ఆర్మూర్ పసుపు మార్కెట్లో గుమాస్తా. అక్కడ హమాలీలు కూడా మూతికి దస్తీలు కట్టుకునేవారట. ప్లేగుకూ మెడ మీద గడ్డ లేస్తుందని చెప్పుకునేవారు. నా మెడ చూసి అత్తమ్మ పాపను నా ఒళ్లోంచి తీసుకుంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. పాపను నేను జూసుకుంట. దవాఖానకు పోయిరా" అంది.

తెల్లారి ఆయన నన్ను స్కూటర్ మీద నిజామాబాద్ తీసుకెళ్లాడు. ఇ.ఎన్.టి. క్లినిక్ గేటుకు 'అర్జెంటు కేసులు మాత్రమే' అని అట్ట కట్టారు. బెంచీలన్నీ పెరట్లో దూరం దూరంగా వేశారు. జ్వరమున్న వాళ్లను కాంపౌండర్ వేరే కూర్చోబెడుతున్నాడు. డాక్టరు మూతికి గుడ్డ కట్టుకుని ఆరుబయటే చూస్తున్నారు. నుదుటి మీది అద్దంతో ఎండను నా గొంతులోకి మళ్లించారు.

"నాకైతే ప్లేగు అనిపిస్తలేదమ్మా. ఇది క్విన్సీ. టాన్సిల్ పక్కన చీము పట్టింది. ఇప్పుడే తీయాలె, లేకుంటే ఊపిరాడదు. బ్లడ్ రిపోర్టు వచ్చేదాకా మాత్రం పాపకు దూరముండు."

పరీక్షకు నెత్తురు తీసుకుని, గొంతులో మత్తు స్ప్రే కొట్టి కోశారు. చీము, నెత్తురు కక్కాను. కానీ ఉమ్మి మింగగలిగాను.

ఇంట్లో వెనకగది నాది. గోడకవతల పాప ఏడిస్తే రవిక తడిసిపోయేది. పాలు గిన్నెలోకి పిండి పారబోసేదాన్ని. వాపు మళ్లీ వచ్చింది, మళ్లీ చీము తీయించుకోవాల్సి వచ్చింది. ఆ రెండోసారి క్లినిక్‌కు బయల్దేరుతుంటే అత్తమ్మ వసారా చివర నిలబడి పాపను ఎత్తి చూపించింది. పాప నన్ను చూసి నవ్వింది. నేను నవ్వబోతే దవడ కదల్లేదు.

రిపోర్టులో ప్లేగు లేదని తేలింది, జ్వరం తగ్గింది. పాపను ఒళ్లోకి తీసుకున్నాను. అది రొమ్ము పట్టకుండా మొహం తిప్పుకుంది.

"చెంచకు అలవాటైంది బిడ్డా. జర ఓపిక పట్టు" అంది అత్తమ్మ.

ఎంత ఓపిక పట్టినా అది మళ్లీ నా పాలు తాగలేదు.

తర్వాత టాన్సిల్స్ తీయించుకున్నాను. గొంతు మళ్లీ నొప్పెట్టలేదు. పాప ఇప్పుడు బడికి పోతోంది, అన్నం తనే కలుపుకుంటుంది. పక్కింట్లో పసిబిడ్డ ఏడిస్తే మాత్రం ఇప్పటికీ చేతిలో పని వదిలేసి నిలబడిపోతాను.

గొంతునొప్పితో నోరు తెరుచుకోకపోతే, ఊళ్లో ఏ రోగం భయమున్నా సరే, ఆ పూటే డాక్టరుకు చూపించుకోండి.