మళ్లీ మోగిన సైరన్

ఈ మధ్యాహ్నం మా పక్కింటి మల్లయ్య బావ ఛాతీ పట్టుకుని కూలిపోతే, ఆయన భార్య సత్తెమ్మక్కతో పాటు నేనూ అంబులెన్స్ ఎక్కాను. బండి బొంతపల్లి దాటకముందే బావ గుండె గీతలు పటాన్‌చెరు ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరమ్మకు కనబడుతున్నాయి. బండిలోని చిన్న పెట్టె వాటిని అక్కడికక్కడే చదివి, కొత్త నెట్‌వర్క్ మీద క్షణంలో పంపేస్తుందట. ఆమె తెర మీద నుంచి చెబుతుంటే టెక్నీషియన్ ఇంజెక్షన్ ఇచ్చాడు, చెమటలు కక్కుతూ ఛాతీ నొక్కాడు. సగం దారిలో ఆమె మెల్లగా "ఇక చాలు, ఆపెయ్యండి" అంది. అది విని టెక్నీషియన్ ఛాతీ మీది నుంచి చేతులు తీసేశాడు, డ్రైవర్ సైరన్ ఆపేశాడు.

అక్కకు ఏమీ అర్థం కాలేదు. "గదేంది బిడ్డా, బంద్ జేసినవ్? జెర మోగియ్యి. జల్దీ పోవాలె గదా!" అంది.

డ్రైవర్ అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. సైరన్ మళ్లీ మోగింది.

ఆ పెట్టె ఎందరినో బతికిస్తోందట, కాదనను. కానీ ఇదివరకు ప్రాణం పోయిందన్న మాట ఆసుపత్రి గుమ్మం దాకా ఆగేది. ఇప్పుడు దానికీ తొందరే.

మీరైతే అక్కకు అప్పుడే చెప్పేసేవారా? నేను చెప్పలేకపోయాను. రోడ్డు మీద ఫ్యాక్టరీ లారీలన్నీ పక్కకు తప్పుకుని మాకు దారిచ్చాయి.