మేక మోకాల్లోని దారం

ఆరు నెలలు మేక మోకాల్లో ఉన్న దారం, బయటికి తీసి చూస్తే నిన్న కొన్నట్టుంది. తెగిన లిగమెంటు స్థానంలో పాలియెస్టర్ దారంతో అల్లిన జడ పనికొస్తుందా అన్నదే నా పరిశోధన. ఎనభైలలో పుదుచ్చేరిలో నాకు దొరికిన విషయం అది. అంతకుముందు నాలుగు మేకల్లో దారం చీపురుపుల్లల్లా విడిపోయింది. నా డిగ్రీ ఈ అయిదో మేక కాలి మీద నిలబడి ఉంది.

ప్రొఫెసరు భూతద్దం దించి నా భుజం తట్టారు. ఆయనకు అది అలవాటు లేని పని.

ఆ సంతోషంలో మేకల కొట్టానికి కాపలా ఉండే పెద్దాయన దగ్గరికి పోయాను. ముదలియార్‌పేట మనిషి, తాతల నాటి నుంచి విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఇల్లు. ఈ మేకతోనే పనిలో చేరాడు. దాన్ని రోజూ ఆవరణ చుట్టూ మూడు రౌండ్లు నడిపించడం ఆయన పని. దారం గట్టిదో కాదో తేలేది ఆ నడకలోనే.

"మామా, దారం చెక్కుచెదరలేదు!"

"యాడ చెదురుతుంది నాయనా? కాలు కింద మోపనిస్తేనే గదా! మూడు రౌండ్లూ బుజానేసుకొనే తిరిగినా. కొట్టంలో వెదురుబద్దలు కట్టి పండబెట్టినా. ప్రతి శుక్రవారం మీరు చూడనొస్తారని కట్టు విప్పేది."

"నడిపించమన్నాం గదా!"

"అంటిరి. చదువుకున్నోళ్లు, కోసిన కాలి సంగతి మీకేం తెలుసు?" అని, చుట్టూ చూశాడు. "అవునుగానీ, అది యాడ?"

మోకాలు తెరిచాక మేక మిగలదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను.

"కోసేదానికా నాయనా, నేనంత మోసింది?"



ప్రొఫెసరు గదికి పోయేసరికి ఆయన టైపిస్టుకు శుభవార్త చెప్పి రాయిస్తున్నారు. విషయం చెప్పాను. కళ్లద్దాలు తీసి, అవసరానికి మించి తుడిచారు.

"అంటే ఆరు నెలలు మనం పరీక్షించింది ఆ పెద్దాయన భుజాన్ని."

"బాగా నిలబడింది సార్," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆరో మేక వచ్చింది, దాని మోకాల్లోనూ దారం వేశాం. పెద్దాయన తాడు నా చేతికిచ్చి గడప మీద కూర్చున్నాడు.

"దీనికీ ఆరు నెలలేనా?"

"ఆరు నెలలే మామా."

రెండో రౌండుకే అది కుంటడం మొదలుపెట్టింది.

"పావం, నొస్తా ఉండాది. ఎత్తుకోరాదా నాయనా?"

ఎత్తుకోలేదు. డిగ్రీ కావాలి గదా. మూడో రౌండు ఆయన ముందునుంచి కాకుండా, కొట్టం వెనకగా తిప్పాను.